ముందు చక్రాలు వెనక్కి

మే 11
ఉదయం 6:15. ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన డైరీ అయిదు నెలలుగా దూలం మీదే ఉంది. ఈరోజు దించాను. జనవరిని ఎలుకలు తిన్నాయి. ఫర్వాలేదు, పని మేలో ఉంది.

విషయం: జీపు. ఫోర్ వీల్. దాని పెట్రోల్ ఇంజన్ నాలుగేళ్ల కింద చచ్చింది. పోయిన ఏడాది ఒక పికప్ బండి డీజిల్ ఇంజన్ కొన్నాను. కొనే ముందు ఆరుగురిని అడిగాను. ఆరుగురూ "కూసుంటది" అన్నారు. నిజమే, కూర్చుంది. కాని జీపు పాత గేర్‌బాక్సుకు దాని మూతి కలవలేదు. అప్పటినుంచి కొట్టంలో జీపు ఉంది, జీపులో ఇంజన్ ఉంది, ప్రయాణం లేదు.

నిశ్చయం! ఈసారి ఎవరినీ అడగను. నేనే కొలుస్తాను, నేనే తేలుస్తాను. ఒక్క గేర్‌బాక్సు, ఒక్క ట్రాన్స్‌ఫర్ కేసు. ఒక్కసారే కొంటాను.

గడువు: జూన్ 8, మిరుగం (మృగశిర) కార్తె. గడువు పెట్టింది నేను కాదు, నా భార్య లీలాబాయి. "మిరుగం దాకా సూస్త. అది దాని కాళ్ల మీద కొట్టంల కెల్లి ఎల్లి, వాగు దాటి, చేను దాకా పోవాలె. పోకుంటే పాత ఇనుమోన్ని పిలిచి తూకానికి ఇస్త," అంది. బర్రె చూడితో ఉంది. వానలకు ముందు దానికి కప్పు కావాలి. మాకున్నది ఒకటే కప్పు. దాని కింద జీపు ఉంది.

ఇరవై ఎనిమిది రోజులు. చాలా ఎక్కువ!

మే 12
ఉదయం 7:00. ట్రాన్స్‌ఫర్ కేసు అంటే గేర్‌బాక్సు వెనక ఉండే చిన్న డబ్బా. ఇంజన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచుతుంది. అది లేకపోతే జీపు కూడా మామూలు బండే. మా చేను దారి నల్లరేగడి. వాన పడ్డాక మామూలు బండి అందులోకి పోతుంది, రాదు.

మూడు దారులు ఉన్నాయి.
ఒకటి: పాత నాలుగు గేర్ల బాక్సు, పాత చిన్న డబ్బా. మధ్యలో ఇనప పలక చేయించి ఇంజన్‌కు కలపాలి. కొనేదేం లేదు. కాని డీజిల్ గుంజుడుకు పాత పళ్లు ఆగవు.
రెండు: పికప్‌దే అయిదు గేర్ల బాక్సు. మూతి సరిగ్గా కలుస్తుంది. చిన్న డబ్బాకు మాత్రం చోటు లేదు.
మూడు: ఫోర్ వీల్ బండిది, అయిదు గేర్లది, చిన్న డబ్బా దానికే కలిసి వస్తుంది. ఈ ఇంజన్ జాతిదే. పొడుగు ఎక్కువ, ఇరుసును తిప్పే వెనక షాఫ్టు కోయించాలి. గేరు రాడ్డు సీటుకు ఆనుకుంటుంది. ఆనుకోనీ.

మూడోదే! ఒక్క పూటలో తేల్చాను. ఎవరినీ అడగలేదు.

మే 14
సాయంత్రం 5:30. కొలతలు. జీపు మూతి ముందు బర్రె కట్టేసి ఉంది. చూడి బర్రె, మనిషి వంగితే చాలు తంతుంది. అందుకని జీపు వెనకనుంచి దూరి, వెల్లకిలా పాకుతూ ముందు ఇరుసు దాకా పోయాను. ఇరుసు మీద పళ్ల చక్రాల గుండు నా ఎడమ చేతి వైపు ఉంది. చిన్న డబ్బా నుంచి వచ్చే షాఫ్టు కూడా ఎడమకే దిగాలి. కాగితం మీద "ఎడమ" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

మే 17
బిలోలి. ఉదయం 10:00. బస్ స్టాండు ముందు టీ తాగాను. ఎవరినీ అడగలేదు. కాగితం బల్ల మీద పెట్టాను, రాత పైకి ఉండేట్టు. ఏడుగురు చదివారు.

రిటైరైన బస్సు డ్రైవరు: "అయిదు గేర్లెందుకే? మూడేసేసరికి మీ ఊరొస్తది."
హోటల్ ఆయన: "పెట్రోలే మంచిగుండె."
నిజామాబాద్ బస్సు కోసం నిలబడ్డ ఆయన: "అమ్మేయ్."

నేను అడగలేదు, వాళ్లు చెప్పారు. నిశ్చయం చెడలేదు.

మే 19
బామ్మర్ది గజానన్ వచ్చాడు. లీలాబాయి తమ్ముడు. బిలోలిలో వెల్డింగ్ దుకాణం. కాగితం చూసి నవ్వాడు.

"బావా, కొత్త డబ్బా ఎందుకు? ఇనప పలక నేను చేస్త. పాతదే కూసుంటది."
"పళ్లు ఆగవురా."
"మెల్లగ నడుపు. నువ్వెట్లగూ మెల్లగనే నడుపుతవు గద."

బామ్మర్దిని అడగడం అంటే బయటివాళ్లను అడగడం కాదు. ఇంటి మనిషి. పలక చెయ్యమన్నాను.

మే 23
పలక వచ్చింది. ఎనిమిది రంధ్రాల్లో అయిదు కలిశాయి.
"అయిదు చాలు బావా," అన్నాడు గజానన్.
లీలాబాయి పలకను అటూ ఇటూ తిప్పి చూసి, "రొట్టె చేసుకోను మంచి పెంక," అని వంటింట్లోకి తీసుకుపోయింది.

మళ్లీ మొదటికి. మూడో దారే సరైనది. పదహారు రోజులున్నాయి.

మే 26
నాందేడ్. ఉదయం 11:20. పాత బండ్ల సామాన్ల బజారు. ఖలీల్ సేఠ్ దుకాణం వెనక గేర్‌బాక్సులు కట్టెల మోపుల్లా పేర్చి ఉన్నాయి. సరిగ్గా నాకు కావలసినదే ఉంది!

"చిన్న డబ్బా షాఫ్టు కుడికి దిగాల్నా, ఎడమకా?" అని అడిగాడు సేఠ్.
"ఎడమ."
"సోచ్ లో పటేల్, మల్లొకసారి. గసుంటి జీపులకు కుడికే ఎక్కువ అడుగుతరు."
"నేను కొలిసిన సేఠ్." కాగితం చూపించాను. రెండు గీతలు కూడా చూపించాను.
"అచ్చా. మీ మర్జీ. కలువకుంటే ఎనిమిది రోజుల్ల వాపస్ తెండి, మారుస్త. ఒక్కటే షర్తు. పూజ చెయ్యొద్దు."
"పూజెందుకు చేస్త?"
"అందరు గదే అంటరు. కుంకుమ వెట్టిన సామాను కొత్త గిరాకీ ముట్టడు పటేల్. ఇంకోళ్ల ఇంటి లక్ష్మి అంటడు. నేనేడ పెట్టుకోవాలె?"

సాయంత్రం 6:45. టెంపో ఇంటి ముందు ఆగింది. లీలాబాయి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. పసుపు, కుంకుమ, బియ్యం, కొబ్బరికాయ. షర్తు చెబుదామని నోరు తెరిచాను. కాయ పగిలింది.
"ఇనుము ఇంటికస్తే ఉట్టిగ లోపలికి తెస్తరా?" అంది. నా నోట్లో కొబ్బరి ముక్క పెట్టింది.

చెప్పలేదు. వాపస్ ఇచ్చే పనేం పడుతుంది? కొలిచింది నేను.

మే 28
ఉదయం 9:00. ఇంజన్ మూతికి గేర్‌బాక్సు కలిసింది! అన్ని బోల్టులూ! గజానన్ ఈల వేశాడు.

9:40. ముందు షాఫ్టు బిగించబోయాం. డబ్బా ఎడమకు చూస్తోంది. ఇరుసు గుండు కుడి వైపు ఉంది.

10:15. అర్థమైంది. నేను ఆ రోజు వెనకనుంచి దూరాను. తల ముందుకు పెట్టి వెల్లకిలా పడుకున్నాను. అలా పడుకున్నవాడికి జీపు కుడి తన ఎడమ అవుతుంది. పాత చిన్న డబ్బా మూలన గోనె కింద పడి ఉంది. దాన్ని చూసినా తెలిసేది. చూడలేదు.

లీలాబాయి అంతా విని అంది: "ఎడ్లు కడితే కుడిదిక్కు ఎలపటి ఎద్దు ఎలపటిదే గద? నువ్వు బండి కింద పండుకుంటె అది ఎడమదిక్కు దాపటి ఎద్దయితదా?"

కాగితం మీద రెండు గీతలూ కొట్టేశాను.

మే 29
మధ్యాహ్నం 12:10. ఖలీల్ సేఠ్‌కు ఫోన్ చేశాను. ఫోటో పంపమన్నాడు. తుడిచి తీసి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది.
"పటేల్, నడుమల ఎర్రగ ఏంది?"
"పాత రంగు, సేఠ్."
"రంగు మీద బియ్యం గింజలెట్ల అచ్చినయి?"
డబ్బా వైపు చూశాను. మూడు గింజలు ఇంకా అతుక్కునే ఉన్నాయి.
"ముబారక్ పటేల్. మంచిగ వాడుకోండి," అని పెట్టేశాడు.

మే 31
డైరీ రాయాలనిపించడం లేదు. ఎండ నలభై మూడు. బర్రె వేప చెట్టు నీడకు తగ్గట్టు రోజంతా జరుగుతోంది. లీలాబాయి పాత ఇనుము ధర అడిగి తెలుసుకుంది. అదే భయం.

సాయంత్రం గజానన్ వచ్చాడు.
"బావా, డబ్బా మారకుంటే ఇరుసునే మారుద్దాం. కిందిమీద తిప్పితే గుండు కుడికెల్లి ఎడమకస్తది. రొట్టె తిప్పినట్టే."
"పని చేస్తదా?"
"గుండు ఎడమకస్తదా రాదా?"
"అస్తది."
"మరింకేంది?"

ఎక్కడో ఏదో తప్పుంది అనిపించింది. నాందేడ్‌లో ఖలీల్ సేఠ్‌ను ఒక్క మాట అడుగుదామా అనుకున్నాను. నిశ్చయం గుర్తొచ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నిలబెట్టుకున్నాను. అడగలేదు!

జూన్ 5
రాయడానికి తీరిక లేదు. నాలుగు రోజులుగా కోత, అతుకు, కోత. స్ప్రింగు పట్టీలు, చక్రాల కొసలు అన్నీ తిప్పి అతికించాడు గజానన్. వెనక షాఫ్టు కోయించాం. ముందు షాఫ్టు గీత గీసినట్టు దిగింది.

జూన్ 7
సాయంత్రం 4:00. ఇంజన్ అందుకుంది!
4:10. వెనక చక్రాల మీదనే, తన కాళ్ల మీద తాను, జీపు కొట్టంలోంచి బయటికి వచ్చింది! పక్కింటివాళ్లు కూడా చూశారు.
4:12. ఖాళీ అయిన చోట లీలాబాయి బర్రెను కట్టేసింది. రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

ఫోర్ వీల్ లివరు పరీక్షించాలి. రేపు చేనులోనే చూద్దాం. గట్టి నేల మీద దానితో ఏం పని?

జూన్ 8
మిరుగం. తెల్లవారుజామున గంటన్నర మంచి వాన.

8:10. బయలుదేరాం. పక్కన లీలాబాయి, వెనక గజానన్.
8:30. వాగు దాటాం. లీలాబాయి కొంగు సర్దుకుంది. "ఫర్వాలేదే," అంది. పెళ్లయ్యాక జీపు గురించి ఆమె అన్న మొదటి మంచిమాట.
8:34. నల్లరేగడి. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఈ సమయం కోసమే కదా ఇదంతా! ఫోర్ వీల్ లివరు లాగాను.
8:35. జీపు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. బర్రె కూర్చున్నట్టు మెల్లగా కిందికి కూర్చుంది. ఇంకా కొంచెం యాక్సిలేటర్ తొక్కాను. ఇంకా కొంచెం కూర్చుంది.

లీలాబాయి బయటికి వంగి చూసింది. "ఏమయ్యా, ముంగటి చక్రాలు ఎనుకకు తిరుగుతున్నయి!"
గజానన్ దిగి చూశాడు. నేనూ చూశాను. వెనక చక్రాలు చేను వైపు తవ్వుతున్నాయి, ముందు చక్రాలు ఊరి వైపు. ఇరుసు తిరగేస్తే లోపలి పళ్ల చక్రాలు కూడా తిరగబడతాయి. అవి తిరిగే దిక్కు మారుతుంది.
"గీ మాట ముందుగాల ఎవరన్న చెప్పాలె గద," అన్నాడు గజానన్.
"ఎవరినన్న అడిగినవా?"
"నువ్వే గద బావా, ఎవరినీ అడగొద్దంటివి."

11:00. ఎడ్లను తెచ్చి కట్టాం. అవి ఒకసారి గుంజాయి, వెనక్కి తిరిగి జీపును చూశాయి, మళ్లీ గుంజలేదు. అప్పటికి బంపరు మట్టిలో ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని ముగ్గురం నడిచి వచ్చాం.

జూన్ 10
ఉదయం 10:30. లీలాబాయి అన్నమాట నిలబెట్టుకుంది. పాత ఇనుము కొనే ఆయన టెంపో వేసుకుని వచ్చాడు. వాగు గట్టు మీద ఆపాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంనుంచి జీపును చూశాడు.

"అమ్మా, ముందుగాల దాన్ని రోడ్డు మీదికి తెండ్రి. తూకం ఏస్త."
"రోడ్డు మీదికి అచ్చేదుంటే నిన్నెందుకు పిలుస్త?"
"మరి నా బండి దిగితే ఇది గూడ గట్లనే కూసుంటది. అప్పుడు నన్ను కొనేటోడెవడు? దసరా దాటినంక, మన్ను ఎండినంక అస్త."

పోయాడు. వంద రోజులకు పైగా మట్టే దాన్ని కాపాడుతుంది. ఏ రేగడిని గెలవాలని ఇదంతా చేశానో ఆ రేగడే. లీలాబాయి నా ముఖం చూసింది. నేను నవ్వకుండా ఉన్నాను. కష్టమైంది.

"నవ్వు, నవ్వు. దసరా దాకా అది ఏడికి పోదు. నువ్వు గూడ నాందేడ్‌కు పోకు."

జూన్ 11
ఉదయం 5:50. రాత్రి బర్రె ఈనింది. పెయ్యదూడ. కప్పు కిందనే, పొడిగా.

7:30. మబ్బు పట్టింది. లీలాబాయి తాడిపత్రి పట్టా తెచ్చి నా చేతిలో పెట్టింది. "పోయి కప్పి రా. తుప్పు పడితె తూకం తగ్గుతది," అంది. అది కొత్త తాడిపత్రి. సోయాబీన్ బస్తాల కోసం కొన్నది.

9:00. కప్పి వచ్చాను. నాలుగు మూలలా రాళ్లు పెట్టాను.

నిశ్చయం! దసరా లోపు. ఇరుసు మళ్లీ మామూలుగా తిప్పాలి, షాఫ్టు కుడికి దిగే డబ్బా వెతకాలి. ఎవరినీ అడగను.

9:20. గజానన్ ఫోన్ చేశాడు. జీపు కోసం కాగితం మీద కొత్తగా ఏదో గీత గీశాడట, సాయంత్రం తెస్తానన్నాడు. చూడను.

9:25. రానీ. గీతే కదా, చూస్తే ఏమవుతుంది.