పేజీకి ఒకరు

ఆస్పత్రి వరండా,
మంగళవారం.

చిట్టి చెల్లికి,

ఫోన్ చేస్తే నువ్వు మధ్యలోనే కంగారుపడతావు, నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఆదివారం పొద్దున మీ బావ ఎడమకాలు మోకాలి కింద ఎర్రగా వాచింది. వణుకుతో జ్వరం. ఎమర్జెన్సీకి తీసుకొచ్చాను. చర్మం లోపల ఇన్‌ఫెక్షన్ అన్నారు. నర్సు ఆ ఎరుపు చుట్టూ పెన్నుతో గీత గీసి, "ఇది దాటితే వెంటనే చెప్పండమ్మా" అంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఇక్కడ నచ్చింది అదొక్కటే.

డాక్టరమ్మది మా పెద్దమ్మాయి వయసు. మనిషిని ఒకసారి చూస్తే కంప్యూటర్‌ను నాలుగుసార్లు చూసింది. వయసు, బరువు, రక్తపరీక్షలు అన్నీ అందులో కొట్టింది. ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో, ఎన్ని రోజులు ఇవ్వాలో అది సూచిస్తుందట. "ఏ మందైనా పడదా?" అని అడిగింది. నా నోటుపుస్తకం సంగతి నీకు తెలుసుగా. ఇంట్లో పేజీకి ఒకరు చొప్పున ఎవరికి ఏ తేదీన ఏ జబ్బు చేసిందో, ఏ మందు వాడామో అన్నీ ఉంటాయి. తెరవకుండానే చెప్పాను, "పెన్సిలిన్ పడదు" అని.

తెర మీద ఎర్ర గడి ఒకటి వెలిగింది. "ఎప్పుడు పడలేదమ్మా? ఏం జరిగింది? ఊపిరి ఆడలేదా? ఇది ఇంకా వివరాలు అడుగుతోంది" అంది డాక్టరమ్మ.

"నేను చెబుతుంటే అది అడగడమేంటి? పడదంటే పడదు. దానికి నా మీద అనుమానమా?"

మంచం మీది నుంచి మీ బావ మూలుగుతూనే, "డాక్టరుగారూ, మా ఇంట్లో ప్రశ్నలు ఆవిడవి, జవాబులు నావి. మీ మిషను వరస మార్చేసింది" అన్నారు.

వెనక ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు. ఆ పిల్ల 'వివరాలు తెలియవు' అని నొక్కేసి, వేరే మందు మొదలుపెట్టింది.

ఈరోజుకి మూడో రోజు. ఎరుపు గీత దాటి రెండు వేళ్ళ మేర పైకి పాకింది. ఇవాళ్టికీ తగ్గకపోతే కాలు కోసి శుభ్రం చేయాల్సి రావచ్చంటున్నారు. నా అనుమానం ఏమిటంటే, స్టాకులో ఏది మిగిలితే అదే ఆ కంప్యూటర్ పెట్టె చూపిస్తుంది. అడిగితే, "అది సలహా మాత్రమేనమ్మా, నిర్ణయం మాదే" అంటుంది డాక్టరమ్మ. మరి సలహా తప్పయితే ఎవరిని నిలదీయాలి, ప్లగ్గు పీకి దాన్నా?

రేపు పొద్దున్నే వేరే ఆస్పత్రికి మార్చేస్తాను. ఇక్కడ ఇంకా చెప్పలేదు.

నీ అక్క


గురువారం.

చెల్లీ,

మార్చలేదు. నిన్న డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టడానికి వెళ్తుంటే డాక్టరమ్మ ఎదురొచ్చింది. ఇస్తున్న మందుకు ఆ క్రిమి లొంగదనీ, పెన్సిలిన్ జాతి మందుకైతే లొంగుతుందనీ ల్యాబు రిపోర్టు వచ్చిందట. "ఆదివారం ఆ ప్రశ్నలు వదిలేయడం నా తప్పు. ఇప్పుడైనా చెప్పండమ్మా" అంది.

పుస్తకం తీసి గొప్పగా చదివాను. పదకొండేళ్ళ కిందట, మూడో మాత్రకు ఒళ్ళంతా దద్దుర్లు. డాక్టరమ్మ పుస్తకం తీసుకుని, ఆయన పేజీ దగ్గర ఒక వేలు ఉంచి మిగతా పేజీలు తిప్పింది.

"అదే వారం పిల్లలిద్దరికీ దద్దుర్లే. వాళ్ళకీ పెన్సిలిన్ ఇచ్చారా?"

"లేదు. ఉత్త జ్వరం మాత్ర..."

చెబుతుండగానే నాకే అర్థమైంది. ముగ్గురికీ వచ్చింది ఒకే వైరస్ జ్వరం. పేజీకి ఒకరు చొప్పున అంత పద్ధతిగా రాసుకున్నదాన్ని, పదకొండేళ్ళలో ఒక్కసారీ రెండు పేజీలు కలిపి చూడలేదు.

ముందు కొద్ది మోతాదులో పెన్సిలిన్ మాత్ర వేసి గంటసేపు చూస్తామంది. నేను ఒప్పుకోలేదు. ఎందుకో నీకు చెప్పాలి.

నాన్నను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు నీకు ఏడేళ్ళు, నాకు పదిహేను. ఇంజక్షన్‌కు ముందు నర్సు, "ఈయనకు ఏ మందైనా పడదా?" అని నన్నే అడిగింది. అమ్మ తలుపు అవతలే ఉంది. ఏ మందు పడదో అమ్మకు తెలుసు. నేను పిలవలేదు. పెద్దదానిలా "లేదు" అన్నాను. ఆ ఇంజక్షన్ తర్వాత నాన్న మళ్ళీ లేవలేదు, అది నీకు తెలుసు. ఆస్పత్రి వాళ్ళు అడగనైనా అడగలేదని ఇన్నేళ్ళూ నీకు చెబుతూ వచ్చాను. అడిగారు.

మీ బావకు కూడా నిన్ననే చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. "అప్పుడు తెలియకుండా లేదన్నావు. ఇప్పుడు తెలిసి కూడా వద్దంటావా?" అన్నారు.

ఒప్పుకున్నాను. కానీ డాక్టరమ్మ ఆ గంటా మంచం పక్కనే కూర్చోవాలన్నాను. స్టూలు లాక్కుని కూర్చుంది. నేను ఆయన పెదాలనీ, ఊపిరినీ, ఆమె చేతి గడియారాన్నీ మార్చి మార్చి చూశాను. "మీరిద్దరూ అలా గుడ్లప్పగించి చూస్తే పడే మందు కూడా పడదు" అన్నారాయన. ఏమీ కాలేదు. ఆ తర్వాతే ఇంజక్షన్ మొదలుపెట్టారు. ఈ పొద్దుటికి ఎరుపు మళ్ళీ గీత లోపలికి వచ్చింది. కోత అవసరం లేదన్నారు.

ఆ పెట్టె మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు. అయినా ఆదివారం నన్ను సరిగ్గా అడిగింది అదొక్కటే.

నువ్వు నాన్న గురించి నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగు. ఎన్నయినా అడుగు. కసురుకోకుండా అన్నిటికీ జవాబు చెబుతాను.

నీ అక్క