ఎలుగులమెట్ట మీది బోర్డూ, మా బావ మోకాళ్ళూ

శ్రీయుత ఫారెస్టు రేంజి ఆఫీసరు గారి సముఖమునకు, గెడ్డవలస కాపురస్థుడు, జీడితోట రైతు పొట్నూరు దాలయ్య రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఎలుగులమెట్ట ఎకో పార్కులో కాలిబాట మొదట తమ శాఖవారు నాటిన ‘అతి కఠినమైన మార్గం’ అను బోర్డును ‘మామూలు మార్గం’ అని మార్పించుట గురించి; అటుల వీలుకానిచో, మెట్టను ఉన్నచోటనే ఉంచి బోర్డును మాత్రం పీకించుట గురించి.

1. సదరు మెట్టకు ఇవతల మా గెడ్డవలస, అవతల తుమ్మికపేట. తుమ్మికపేటలో మా అప్ప జగ్గమ్మ, ఆమె భర్త నరసింగరావు నివాసముంటున్నారు. సదరు నరసింగరావు నాకు బావ. ఇరవయ్యేళ్ళ కిందట ఆయన మా పెద్దమ్మాయి పెళ్ళికి వచ్చి, పంక్తిలో కూర్చుని, పప్పు కలుపుకుని, వియ్యాలవారు వింటుండగా ‘మీ ఊరి నీల్లతో పప్పుడకదురా’ అని ప్రకటించియున్నారు. పప్పు ఉడికే ఉన్నది. నేను రెండు వేళ్ళతో నలిపి చూపించాను. ఆయన చూడలేదు. మాటకు మాట పెరిగి, ఆయన నా గడప తొక్కనని, మా ఊరి నీళ్ళు ముట్టనని అన్నారు. నేనూ తక్కువ తినలేదు. ఆ రెండు ఒట్లూ నేటికీ అమలులో ఉన్నవి.

ఏడాది గడిచాక, తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ నేను, చీపురుపుల్లలు కోసుకుందామని ఆయన, ఎవరి దారిన వాళ్ళం ఎక్కి మెట్ట కొసన గొడుగురాయి దగ్గర ఎదురుపడ్డాము. ఆ రాయి ఇద్దరి గడపలోకీ రాదు. దాని కింది ఊట ఏ ఊరిదీ కాదు. ఇద్దరం ఊటనీళ్ళు తాగాము. ఆవు దొరకలేదు. అది తరువాత దానంతటదే ఇంటికి వచ్చింది. ఆనాటి నుంచి ప్రతి గురువారం మేము అక్కడ కలుసుకుని తగువులాడుకుంటున్నాము. అప్ప ఆయన చేత కూర పంపిస్తుంది. కూరలోనూ తుమ్మికపేట నీళ్ళు ఉంటాయి కదా అని తమరు అడగవచ్చు. ఆ విషయం మేము విచారించి, కూర తినవచ్చుననీ, చారు మాత్రం నీళ్ళ కిందకే వస్తుందనీ తీర్మానించుకొన్నాము.

2. బాట సంగతి తమకు తెలియనిది కాదు. పార్కు ప్రారంభోత్సవం నాడు తమరు ఎక్కగా నేను చూశాను. బాగానే ఎక్కారు. దిగడం నేను చూడలేదు. మొదట జీడితోటల గట్టు, తరువాత అడ్డాకు తీగల సందు, ఆపైన వర్షాకాలం గెడ్డ పారే రాళ్ళదారి. ఆ రాళ్ళ మీద పాదం అడ్డంగా పెట్టాలి, నిలువుగా పెడితే గెడ్డతో పాటు కిందికే. సగం ఎత్తులో కౌగిలిబండ ఉంది. దానిని రెండు చేతులా వాటేసుకుని, పొట్ట లోపలికి లాక్కుని, పక్కకు జరుగుతూ దాటాలి. వీపు వెనక ఏమీ ఉండదు. మా అప్పకు పెళ్ళయిన కొత్తలో ఆమె పసుపుకుంకాల పెట్టె నెత్తిన పెట్టుకుని నేను ఆ బండ దాటాను. అప్పుడు అది కఠినమని ఎవరూ చెప్పలేదు గనుక దాటగలిగాను.

విశాఖపట్నం నుంచి పిల్లలు బూట్లు వేసుకుని, చేతికర్రలు, ఈలలు పట్టుకుని వస్తున్నారు. ఈల దేనికమ్మా అని శ్రావణి అనే అమ్మాయిని అడిగితే, ఎలుగుబంటి వస్తే ఊదాలంది. ఈలకు ఎలుగు పోతుందో, ఎవరు పిలిచారో చూద్దామని వస్తుందో నాకు తెలియదు. జీడిపళ్ళ కాలంలో నాకు ఒకటి ఎదురైంది. అది పండు తింటోంది. నేను చుట్ట కాలుస్తున్నాను. దాని పని అది ముగించుకుని వెళ్ళింది, నా చుట్ట మాత్రం ఆరిపోయింది. ఆ అమ్మాయి ‘తాతా, మీరూ ట్రెక్కింగుకేనా?’ అని అడిగింది. కాదమ్మా, మా బావ దగ్గరికి అన్నాను. నన్ను ఫొటో తీసుకుంది.

3. ఇక అసలు ఫిర్యాదు. తమ బోర్డు రెండు వైపులా నాటారు. తుమ్మికపేట వైపు బోర్డును మా బావ చదివారు. చదివిన కొద్దిరోజులకే ఆయన రావడం మానేశారు. గురువారం నేను గొడుగురాయి మీద పొద్దు వాలేదాకా కూర్చుని, అవతలి లోయలోకి కేక వేశాను. నా కేకే తిరిగి వచ్చింది. ఇంటికి వచ్చి ఫోను చేశాను.

‘ఏటి బావా, రానేదు?’

‘అతి కఠినమంట్రా. బోర్డుందిగా, సదువుకోలేదా? మోకాల్లు పట్టేసాయి.’

‘ఇన్నాల్లూ పట్టనేదేటి?’

‘ఇన్నాల్లూ ఎవులూ సెప్పనేదు.’

ఈ జవాబు నాకు సబబుగానే తోచింది. నేను కూడా ఆ బోర్డు చదివిన నాటి నుంచి కౌగిలిబండ దగ్గర ఒకసారి ఆగుతున్నాను. కనుక తప్పు బోర్డుదేనని నిర్ధారించుకుని ఈ అర్జీ మొదలుపెట్టాను. ఆ ఫోను మాటల మధ్యలో అప్ప అందుకుని చెప్పిన మాట కూడా తమ దృష్టికి తేవలసి ఉన్నది. ‘మోకాల్లా? ఏటి మోకాల్లు? నిన్న జీడిసెట్టెక్కి కూకున్నాడు, అన్నానికి దిగమంటే దిగనేదు.’ అప్ప మాట నేను అప్పట్లో లెక్కచేయలేదు.

4. పై విషయం ఇట్లుండగా, మరుసటి గురువారం తమ టికెట్టు కౌంటరు దగ్గర నన్ను ఆపివేశారు. కౌంటరులో కూర్చునే దుర్గాభవాని మంచి పిల్ల.

‘తాతా, అరవై దాటినోల్లు డాట్టరు సర్టిఫికేటు తేవాల.’

‘నాకు అరవై దాటి చానాకాలమైంది కదే. ఇన్నాల్లూ అడగనేదేం?’

‘ఇన్నాల్లూ సూడనేదు. ఇప్పుడు సూస్తన్నాం.’

చీపురుపల్లి వెళ్ళి డాక్టరమ్మ కుసుమకుమారి గారికి చూపించుకొన్నాను. ఆమె నన్ను ఒక యంత్రం మీద నడిపించింది. ఎంత నడిచినా ఎక్కడికీ వెళ్ళని యంత్రం అది. గోడ దగ్గర మొదలుపెట్టి గోడ దగ్గరే దిగాను. గుండె వయసుకు తగ్గట్టు ఉందని ఆమె సెలవిచ్చింది. మంచిమాటే కదా అనుకున్నాను. తరువాత కాగితం మీద ‘చదునైన నేల మీద మాత్రమే నడవవలెను’ అని రాసింది. సదరు కాగితం ఇందువెంట జతపరచలేదు.

5. సర్టిఫికేటు లేకుండానే వెళ్ళి దుర్గాభవానితో తగువుకు దిగాను. నా మెట్ట, నా కాళ్ళు, మధ్యలో నీ రూలేటని అడిగాను. ఆ పిల్ల చివరకు విసుక్కుంది.

‘నా మీద ఎగరకు తాతా. మీ బావే వచ్చి సెప్పాడు. ఎర్ర తువ్వాలేసుకుని ఒక ముసలోడొస్తాడు, ఎంత తగువాడినా ఎక్కనివ్వకండి, ఆడి గుండె బాగునేదు అన్నాడు. ఆ అరవైయేల్ల రూలు బోర్డుకి అడుగున సిన్నచ్చరాల్లో ఉందంట, ఆయనే ఏలెట్టి సూపించాడు. మాకైతే తెలవదు.’

మా బావ తుమ్మికపేట నుంచి ఇటు రావాలంటే మెట్ట చుట్టూ తిరిగి, చీపురుపల్లిలో బస్సు మారి, రోడ్డు మీద దిగి కౌంటరుదాకా నడవాలి. కౌంటరు మా ఊరి చివరి కల్వర్టుకు ఆవల, అడవి స్థలంలో ఉంది గనుక మా ఊరి పొలిమేర తొక్కకుండానే ఆయన ఆ పని చేసి వెళ్ళియున్నారు.

అయ్యా, ఇక్కడ ఒక సంగతి ముందే రాయవలసినది, రాయలేదు. బావ మానేయడానికి ముందు గురువారం, గొడుగురాయి చేరాక నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. పొద్దుట తిన్న పనసతొనల వల్ల. ఎడమచెయ్యి బరువెక్కింది, అది కూడా పనసతొనల వల్లనే అనుకొన్నాను. బావ ఊటనీళ్ళు దోసిట్లో తెచ్చి నా మొహాన కొట్టారు. ఆ రోజు ఆయన నాతో తగువు పెట్టుకోలేదు. దిగేటప్పుడు తన వైపు దిగవలసినవారు నా వెనకే కౌగిలిబండదాకా వచ్చారు. అడవిలో కట్టెలు చూసుకుంటున్నానని చెప్పారు. నేను నమ్మాను.

తాను పైన కూర్చుని ఉంటే, తమ శాఖ మొత్తం అడ్డుపడినా నేను ఏదో ఒక దారిన ఎక్కుతానని ఆయనకు తెలుసు. అందుకని ఆయన కూడా ఎక్కడం మానుకొన్నారు. మానుకుని, నాతో మోకాళ్ళని చెప్పారు. జీడిచెట్టు ఎక్కగల మోకాళ్ళు.

ఈ అంశం మీద ఇంతకన్నా రాయలేను. తరువాతి అంశమునకు వెళ్ళుచున్నాను.

6. పై కారణముల చేత, ‘విషయం’లో పేర్కొన్న నా కోరికలు రెంటినీ ఉపసంహరించుకొంటున్నాను. బోర్డును ఉన్నది ఉన్నట్టే ఉంచగలరు. మెట్ట నిజంగానే అతి కఠినమైనది. తమ శాఖవారు ఊరికే రాయరు.

7. వాటికి బదులుగా నా ప్రార్థన ఇది. బావ నా గడప తొక్కరు, నేను ఆయన గడప తొక్కను. ఆ ఊరి నీళ్ళు నాకు పడవు, మా ఊరి నీళ్ళు ఆయనకు పడవు. మెట్ట కొస మా ఇద్దరికీ పోయింది. ఎవరిదీ కాని జాగా ఇక ఒక్కటే మిగిలి ఉన్నది. అది తమ టికెట్టు కౌంటరు ముందర వేపచెట్టు కింది సిమెంటు బెంచీ. ప్రతి గురువారం బస్సు వచ్చింది మొదలు తిరుగు బస్సు వెళ్ళేవరకు సదరు బెంచీ మీద ఇద్దరు ముసలివాళ్ళు టికెట్టు లేకుండా కూర్చుని, యాత్రికులకు భంగం కలగనంత గొంతుతో తగువులాడుకొనుటకు అనుమతి ఉత్తరువులు ఇప్పించవలెనని కోరుచున్నాను. గొంతు విషయంలో నా పూచీ మాత్రమే ఇవ్వగలను, ఆయన పూచీ ఇవ్వలేను.

ఈ సంగతులన్నీ తమరు దయతో చిత్తగించవలెను. చిత్తగించడానికి తీరిక దొరికేలోపు కూడా గురువారాలు వస్తుంటాయి గనుక, నేను వెళ్ళి కూర్చుంటూ ఉంటాను.

తమ విధేయుడు,
పొట్నూరు దాలయ్య
గెడ్డవలస

తాజాకలం: ఈ కొసరు సదరు బెంచీ మీద కూర్చునే రాస్తున్నాను. నేను కబురు పంపలేదు. అప్పకు మాత్రం ఫోనులో, గురువారం కౌంటరు దగ్గర నాకు పని ఉందని చెప్పాను. బస్సు దిగి గొడుగు వేసుకుని బావ వచ్చారు. నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టు నిలబడ్డారు. బెంచీ ఆ చివర కూర్చున్నారు.

‘ఏటిక్కడ?’ అన్నారు.

‘గవర్నమెంటు జాగా. ఎవుడైనా కూకోవచ్చు. మోకాల్లెలాగున్నాయి?’

‘పర్నేదు. నీ పనసతొనలెలాగున్నాయి?’

‘అరిగిపోయాయి.’

‘ఆ దినం నీ మొకం సున్నంకొట్టిన గోడలాగున్నాది.’

‘నా మొకం ఎప్పుడూ అంతే.’

‘కాదు,’ అన్నారు. తరువాత ఆయన కూర టిఫిను మా మధ్య పెట్టారు. వంకాయ. నేను తింటుంటే ఆయన నా రాత మీదికి వంగి, నీళ్ళ సంగతిలో తప్పు రాశానని, తాను పంక్తిలో అన్నది ‘పప్పుడకదు’ అని కాదు, ‘తొందరగా ఉడకదు’ అని తగువు మొదలుపెట్టారు. దుర్గాభవాని కిటికీలోంచి రెండుసార్లు తల బయటపెట్టి చూసింది.

దాహానికి కౌంటరులోని నీళ్ళ క్యాను తప్ప మరేమీ లేదు. ఏ ఊరు నుంచి వస్తుందే అని బావ అడిగితే, తనకు తెలియదనీ, ఆటోలో వస్తాదనీ దుర్గాభవాని చెప్పింది. ఇద్దరికీ అభ్యంతరం కనబడలేదు. చెరొక గ్లాసు తాగాము. బావ రెండో గుక్క నోట్లోనే ఉంచుకుని కొంచెంసేపు ఆలోచించారు.

‘ఈ నీల్లతో పప్పుడకదు,’ అన్నారు.

‘ఉడకదు,’ అన్నాను.

అమ్మాయి పెళ్ళి తరువాత పప్పు విషయంలో మేమిద్దరం ఒక మాట మీద నిలబడడం ఇదే మొదలు. కావున సదరు క్యానును మార్పించవద్దని కూడా ప్రార్థన.