మడతకత్తికి నా సంతకం

శనివారం

ప్రియమైన వదినకు,

ఫోనులో చెబుదామంటే అన్నయ్య పక్కనే కూర్చుని "ఏమంటోంది, ఏమంటోంది" అని ప్రాణం తీస్తాడు. అందుకే కాగితం పట్టుకున్నాను. ముందు నవ్వుకో, తర్వాత తిడుదువుగాని.

మన గోడౌనుకు కొత్త మేనేజరు వచ్చాడు. అందరం ఇస్త్రీబాబు అంటున్నాం. చొక్కా నలుగుతుందని కుర్చీలో వెనక్కి ఆనుకోను కూడా ఆనుకోడు. అట్టపెట్టెకు టేపు ఏ వైపు ఉంటుందో తెలియని ఈ మహానుభావుడు అరవైమందికి మడతకత్తులు ఎంచడానికి కూర్చున్నాడు. మూడేళ్ల కిందట, నువ్వు మానేశాక కొన్నవి అరిగిపోయాయిలే.

బల్లమీద నాలుగు పరిచాడు. ఒకదానికి చెక్కపిడి, సీసా బిరడా లాగే మెలిక. మేం అక్కడ విందులు చేసుకుంటున్నామనుకున్నాడు కాబోలు! రెండోది రంపంపళ్లది. టేపుమీద పెడితే గీరుకుంటూ పోయి లోపలి సరుకును కూడా పలకరించి వస్తుంది. మూడోది నల్లగా, మొరటుగా ఉంది. కత్తంటే అదీ. చేతికి తొడుగున్నా బొటనవేలితో తెరుచుకుంటుంది, తెరుచుకోగానే లోపలి పట్టీ టక్కున అడ్డంపడి బిగుసుకుంటుంది. ఆ పట్టీని పక్కకు నొక్కితే తప్ప మూసుకోదు. నాలుగోది సన్నగా, వెండిరంగులో తళతళలాడుతోంది. దానికి లాకు లేదు. స్ప్రింగు బిగువుమీద నిలబడుతుంది, అంతే.

ఇస్త్రీబాబు మనసు దానిమీదే పడింది. "కస్టమర్లు వస్తుంటారమ్మా. ఆ నల్లది పట్టుకుంటే మీరంతా రౌడీల్లా కనబడతారు. ఇదైతే డీసెంటుగా ఉంది" అన్నాడు. నేను దాన్ని తెరిచి, పదును లేని వీపు వైపును బల్ల అంచుకు తట్టాను. మెల్లగానే. ఠపీమని మడుచుకుపోయింది. "అలా ఎవరు కొడతారమ్మా?" అన్నాడు. ఎవరూ కొట్టరు నాయనా! రెండుపొరల అట్టలో మొన దిగబడి ఇరుక్కుంటుంది, పీకడానికి అటూ ఇటూ ఆడిస్తాం, అప్పుడు మడుచుకుంటుంది. వేళ్లు పిడిమీదే ఉంటాయి. పదేళ్లు పెట్టెలు విప్పినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, పదేళ్లు కుర్చీ అరగదీసినవాడికి చెప్పినా ఎక్కదు. గుమాస్తా ఉన్నాడుగా, "సారు చెప్పింది కరెక్టే" అని గంగిరెద్దులా తల ఊపాడు. వాడు సారు తుమ్మినా కరెక్టే అంటాడు.

పదేళ్లు పైబడిన పనివాళ్లు ఒకరు కత్తిని వాడి చూసి పరీక్ష కాగితంమీద సంతకం పెట్టాలని రూలు. నువ్వు మానేశాక అంత సర్వీసు ఉన్నది నాకొక్కదానికే. మొన్న గురువారం సంతకాల రోజు.

వదినా, అసలు సంగతికి రాలేక ఇంతసేపూ వాణ్ణి ఆడిపోసుకున్నాను. నీ చూపుడువేలు తీసిన కత్తి కూడా లాకు లేనిదే. దాని కాగితంమీద "వాడి చూశాను, బాగుంది" అని సంతకం పెట్టింది నేను. వాడి చూడలేదు. భోజనం గంట కొట్టారు. ఫోర్‌మన్ గుమ్మంలో నిలబడి "పెట్టెయ్యమ్మా, నిన్ను లైను లీడర్ని చేద్దామనుకుంటున్నాం" అన్నాడు. కనీసం తెరిచి కూడా చూడకుండా పెట్టేశాను. నీ వేలు పోయాక విచారణలో "కార్మికురాలి అజాగ్రత్త" అని రాస్తుంటే గది బయట బెంచీమీద కూర్చుని నోరు మెదపలేదు. ఆసుపత్రిలో నీ మంచం పక్కన ఏడ్చిన ఏడుపులో సగం భయమే. అన్నయ్యకు తెలిస్తే జన్మలో నా ముఖం చూడడు. అమ్మానాన్న పోయాక నాకు పుట్టిల్లంటే మీ ఇల్లే కదా. నన్ను క్షమించగలవా?

నీ ఆడపడుచు

బుధవారం

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. కన్నీళ్లు పడి రెండుచోట్ల సిరా అలుక్కుపోయింది. అయినా అంతా చదివాను.

నీ సంతకం సంగతి నాకు కొత్తేమీ కాదు. విచారణలో ఆ కాగితం నా ముందే పెట్టారు. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, పంతం పట్టాడంటే చెల్లెలి ముఖం చూడడు, ఆ తర్వాత చూడలేదని లోపల్లోపల కుమిలి చస్తాడు. ఆయన కోసం ఊరుకున్నాను. నువ్వే చెబుతావని మూడేళ్లు చూశాను. వచ్చినప్పుడల్లా సంచీ నిండా ఆపిల్‌పళ్లు తెచ్చావు, ఒక్క మాట తేలేకపోయావు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, సూటిగా చెప్పు. నాలుగు కత్తుల గురించి రాశావు. ఇస్త్రీ గురించి, గుమాస్తా తల గురించి రాశావు. గురువారం సంతకాల రోజని కూడా రాశావు. ఉత్తరం రాసింది శనివారం. గురువారం ఏం చేశావో మాత్రం ఎక్కడా లేదు. పాతపాపం ముందుకు తోసి దాని వెనక కొత్తది దాచావా? మళ్లీ పెట్టేశావు కదూ?

క్షమాపణ నన్ను అడుగుతున్నావు. నాకు తొమ్మిది వేళ్లున్నాయి, వాటితో నా పని నేను చేసుకుంటున్నాను. అక్కడ అరవైమందికి ఇంకా పదేసి ఉన్నాయి.

వదిన

ఆదివారం

వదినకు,

పెట్టాను. నీకు ఉత్తరం రాయకముందే, ఆ గురువారం పదకొండు గంటలకు. ఇస్త్రీబాబు నన్ను బెదిరించను కూడా లేదు. "సూపర్‌వైజరు పోస్టు ఖాళీగా ఉందమ్మా, విడిగా గది, ఫ్యాను" అన్నాడు. ఆ ఫ్యాను గాలికి కొట్టుకుపోయాను. వాణ్ణి అంతలేసి మాటలన్నానే, వాడు కత్తి గురించి తెలియక చేశాడు. నేను తెలిసి చేశాను. నాకంటే వాడే నయం.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. కత్తులూ ఆ రోజే దిగాయి. శనివారం పొద్దున పంచమన్నాడు. అందరినీ పెద్దబల్ల చుట్టూ నిలబెట్టి, తెరిచి, వీపును అంచుకు తట్టమన్నాను. టపటపా అన్నీ మూసుకున్నాయి. "వీటికి బాగున్నాయని సంతకం పెట్టింది నేనే. మా వదిన వేలు తీసినదానికి పెట్టిందీ నేనే, తెరిచి చూడకుండా" అన్నాను. శభాష్ అంటారనుకున్నాను సుమా, సిగ్గులేకపోతే సరి! వరసగా వచ్చి కత్తులు పెట్టెలో పడేశారు. నన్ను నోరారా "అమ్మా" అని పిలిచే లోడింగు తాత ఒక్కడూ ఆగి, "ఈసారి తెలిసే పెట్టావా?" అన్నాడు. అవునన్నాను. పక్కకు తిరిగి ఉమ్మేసి వెళ్లిపోయాడు.

కత్తులు ముట్టేది లేదని అంతా భీష్మించుకుని కూర్చున్నారు. గేటు బయట లారీలు బారు తీరాయి. గంట తిరక్కముందే ఇస్త్రీబాబు చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నల్లకత్తులకు అప్పటికప్పుడు ఆర్డరు పెట్టాడు. నన్ను సూపర్‌వైజరు మాట అటుంచి లీడరుగా కూడా తీసేసి, మళ్లీ పెట్టెలు విప్పమన్నాడు. నా పక్కన నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. మూలబల్ల ఇచ్చారు. నాకు తగిందే.

క్షమించమని ఈసారి అడగను. అన్నయ్యకు నువ్వు చెప్పకు. నువ్వు చెబితే ఎక్కడో ఒకచోట నన్ను వెనకేసుకొస్తావు. వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చెబుతాను. లోపలికి రమ్మంటాడో, తలుపు వేస్తాడో ఆయన ఇష్టం. నువ్వు మాత్రం వంటింట్లోంచి బయటికి రాకు.

ఆడపడుచు