మంచుబొట్టు అనే మాట గురించి

ప్రాంతీయ ప్రజారోగ్య అధికారి గారి సమక్షమునకు,
సోల్‌పో రేవు సముద్ర వాతావరణ పరిశీలన కేంద్రం ఉద్యోగి మో సాంగుక్ సమర్పించుకొను అర్జీ.

విషయం: సోల్‌పో ఆరోగ్య కేంద్రంలో కాబోయే తల్లిదండ్రులకు జరుగుతున్న ఉచిత శిక్షణలో మింగేసిన ఒక మాటను బయటికి చెప్పించవలసినదిగా కోరుతూ.

అయ్యా,

నా భార్య ఓక్ హేరిమ్ చనిపోయిన రోజు ఇలా గడిచింది.

తెల్లవారాక ఆమె స్నానాలగదిలోంచి నన్ను పిలిచింది. అది భయపడిన పిలుపు కాదు. "ఏమండీ వాతావరణం సారూ, ఇవాళ మంచు పడుతుందని మీ ఆఫీసు చెప్పలేదేం?" అని నవ్వింది. తమకు తెలిసిన సంగతే అయినా రాస్తున్నాను. నొప్పులకు ముందు కనిపించే రక్తపు జీరను మావైపు మంచుబొట్టు అంటారు. కడుపుతో ఉన్న మనిషి తిరిగే ఇంట్లో రక్తం అనే మాట ఎత్తరు.

నేను చూశాను. అది జీర కాదు. "ఇంత రక్తం..." అనబోయాను. పురుటికని వచ్చి ఉన్న మా అత్తగారు నా మోచెయ్యి గిల్లారు.

"అల్లుడూ, నోటికి తాళం వేసుకో. ఇంట్లో ఆ మాటేంటి?"

"కాస్త ఎక్కువగా ఉంది అత్తయ్యా."

"నువ్వెన్ని పురుళ్లు పోశావేంటి?"

హేరిమ్ తల్లి పక్షమే మాట్లాడింది. "క్లాసులో చెప్పింది మర్చిపోయారా? కంగారుపడి ఆసుపత్రికి వెళ్తే తిప్పి పంపేస్తారట. కొండ దాటి పోవాలి, మళ్లీ కొండ దాటి రావాలి."

మా అత్తగారు ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశారు. అవతలి మాట గదంతా వినిపించింది.

"అమ్మా, మా అమ్మాయికి మంచుబొట్టు వచ్చింది."

"శుభం అమ్మమ్మగారూ! మొదటి కాన్పా?"

"అవునమ్మా."

"అయితే తొందరేం లేదు. నొప్పులు ఒక వరసలో పడేదాకా ఇంట్లోనే ఉండమనండి. కడుపునిండా పెట్టండి, తర్వాత పెట్టనివ్వరు."

"విన్నావా?" అని మా అత్తగారు నన్ను చూశారు. హేరిమ్ అన్నం, ముల్లంగి పులుసు తిన్నది. మధ్యాహ్నానికి ఆమె పొట్ట చెక్కలా బిగిసింది. నొప్పి వచ్చిపోవడం మాని అలాగే నిలిచిపోయింది. అంబులెన్సు వచ్చింది. కొండ దాటాం. బిడ్డను బతికించారు. సాయంత్రానికి హేరిమ్ లేదు.

"మాయ ముందే విడిపోయింది. పొద్దున్నే తీసుకురావలసింది. రక్తం పోతోందని ఎవరికీ చెప్పలేదా?" అని డాక్టరు అడిగాడు.

"చెప్పాం. మంచుబొట్టు అని చెప్పాం," అన్నాను.

ఈ క్రింది అంశాలను తమ పరిశీలనకు సమర్పించుకుంటున్నాను.

1. ఉచితానికి పోతే ఇలాగే ఉంటుందని మా వీధిలో అనుకుంటున్నారు. దీనిని నేను అంగీకరించుట లేదు. కేంద్రం ఇచ్చిన ఇనుము మాత్రలు హేరిమ్ ఒక్కటీ మానలేదు. కేంద్రం అరువిచ్చిన ఉయ్యాలమంచాన్ని నేను గీరి, రంగు వేశాను. మా అత్తగారు పాత బొంతల గలీబులు ఉడకబెట్టి, కత్తిరించి పొత్తిగుడ్డలు చేశారు. ఊపిరి తీసి వదిలే పద్ధతి ఇద్దరం క్లాసులో నేర్చుకుని రోజూ చేశాం. బాలింతల విశ్రాంతి గృహానికి వెళ్దామని నేనంటే, "అక్కడ మా అమ్మ తిట్లు దొరుకుతాయా?" అని హేరిమ్ కొట్టిపారేసింది. ఇందులో ఏదీ ఆమెను చంపలేదు.

2. చివరి క్లాసు అంశం: ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలి. నర్సు గిల్ మిజాగారు మొదలుపెట్టారు. మంచుబొట్టు కనిపిస్తే హడావిడి పడవద్దు అన్నారు. "అయితే..." అని ఆగి, తలుపు వైపు చూశారు. నీలం సూటు వేసుకున్న ఒకాయన పెట్టెలతో లోపలికి వచ్చాడు. బొడ్డుతాడు రక్తాన్ని భద్రపరిచే కంపెనీ మనిషి. మిగతా సమయమంతా ఆయనే తీసుకున్నాడు. బిడ్డ రక్తం బంగారం అన్నాడు. రక్తం దాచుకోండి, రక్తం పారబోయకండి అన్నాడు. హేరిమ్ నా చెవిలో "పాపం, ఈయనింట్లో అత్తగారు లేరు" అన్నది. ఆ గదిలో రక్తం అనే మాట పలికినవాడు ఆయన ఒక్కడే. నర్సుగారు "అయితే" తర్వాత చెప్పవలసినది చెప్పలేదు. క్లాసు ముగిసింది.

3. పైదానికి కేంద్రం పర్యవేక్షకుడు పియోన్ గారు నోటిమాటగా ఇచ్చిన జవాబు: పాఠం పూర్తిగా జరిగింది, ఏ కంపెనీ మనిషీ రాలేదు, కుటుంబ సభ్యులు ఫోన్‌లో రక్తం అనలేదు.

మూడోది నిజం. మొదటి రెండింటికీ జవాబుగా నా దగ్గర ఒక బాతు ఉంది.

బిడ్డ స్నానపు నీళ్ల వేడి చూసే పసుపుపచ్చ రబ్బరు బాతు. క్లాసు చివర నీలం సూటాయన చీటీలు తీసి, హేరిమ్ పేరు చదివి ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె లేచి వంగి నమస్కారం కూడా పెట్టింది. బాతు పొట్ట కింద కంపెనీ పేరుంది. దానిని బల్ల మీద పెడితే పియోన్ గారు "బాతులు బజార్లో ఎక్కడైనా దొరుకుతాయండీ" అన్నారు. ఇంటికి తెచ్చి మా పరిశీలన కేంద్రం ఉష్ణమాపకం పక్కన నీళ్లలో ఉంచి చూశాను. ఉన్నదానికంటే చల్లగా చూపిస్తోంది. అందుచేత మా అమ్మాయికి నీళ్లు పోసేటప్పుడు మోచెయ్యి ముంచి చూస్తున్నాను. ఆ గదిలోంచి వచ్చిన దేనినీ నమ్మలేకుండా ఉన్నాను.

4. నేను బాతును చూపించిన కొద్ది రోజులకే గిల్ మిజాగారిని దీవిలోని ఉపకేంద్రానికి బదిలీ చేశారు. అడిగితే ఆమె కోరికపైనే అన్నారు. ఆ రోజు "శుభం అమ్మమ్మగారూ" అన్న గొంతు కోసం చాలాసార్లు ఫోన్ చేశాను. ఇప్పుడు ఎప్పుడు చేసినా ఒక మగ గొంతే పలుకుతోంది. ఇవి యాదృచ్ఛికములు కావచ్చును. క్లాసు మీకు ఎంత తృప్తినిచ్చింది అని కేంద్రం నుంచి సందేశం పంపారు. నా భార్య చనిపోయింది అని జవాబిచ్చాను. "మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు. కొత్త అతిథికి శుభాకాంక్షలు" అని వచ్చింది.

తర్వాత పియోన్ గారు బేరిపళ్ల పెట్టెతో మా ఇంటికి వచ్చారు. "మీరు దుఃఖంలో ఉన్నారు. ఇలాంటప్పుడు ఏవేవో అనిపిస్తాయి," అన్నారు. ఏమీ లేకపోతే పళ్లెందుకని నా అనుమానం. పెట్టెను గుమ్మం బయట ఉంచాను. మా అత్తగారు లోపలికి తెచ్చారు. "పళ్లేం చేశాయి అల్లుడూ?" అన్నారు.

5. మా అత్తగారి అనుమానం వేరు. బాలింతకు చారు కాచే సముద్రపు నాచును విరవకూడదు, మడవకూడదు. మడిస్తే పురుడు కష్టమవుతుందంటారు. ఆవిడ మనిషంత పొడుగు నాచును గడ్డితాడుతో కట్టి, భుజాన వేసుకుని బస్సెక్కారు. బస్సు తలుపులో పడి దాని కొస విరిగింది. డ్రైవరుతో తగువాడారట. "నాచుకి వేరే సీటు కావాలా పెద్దమ్మా?" అన్నాడట. ఆవిడ లెక్కలో నేరస్థుడు ఆ డ్రైవరు. నేను వాదించడం లేదు. నా అనుమానం ఆవిడ అనుమానం కంటే గట్టిదో కాదో తేల్చవలసినది తమరు.

కావున కోరునది ఏమనగా: క్లాసులో మంచుబొట్టు అన్న ప్రతిసారీ, దాని పక్కనే రక్తం అని చెప్పాలి. ధారగా పోతే, పొట్ట బిగిస్తే, నొప్పుల కోసం ఎదురుచూడకుండా బయల్దేరమని చెప్పాలి. ఫోన్ ఎత్తినవాళ్లు శుభం అనే ముందు "బొట్టా, ధారా?" అని అడగాలి. అమ్ముకునేవాళ్లు పాఠం మధ్యలో రాకూడదు.

క్లాసు మూసివేయమని నేను కోరుట లేదు. ఇది స్పష్టంగా రాసుకోవలెను. నా అర్జీని చూపించి క్లాసునే ఎత్తేస్తారని నా అనుమానం. అప్పుడు మాలాంటివాళ్లకు ఊపిరి తీయడం నేర్పేవాళ్లు కూడా ఉండరు. అది పరిష్కారం కాదు. నన్ను వదిలించుకోవడం.

చిత్తగించి, నోటిమాటగా కాక రాతలో జవాబు దయచేయవలెను.

తమ విధేయుడిగానే ఉండగోరు,
మో సాంగుక్

తా.క.: కొత్త జంటలకు చివరి క్లాసు రేపే. ఈ అర్జీ తమకు అప్పటికి చేరదు. చదివి వినిపించి, రేపు ఆ క్లాసుకు వెళ్తున్నానంటే మా అత్తగారు "నేనూ వస్తాను, బాతును నేను పట్టుకుంటాను" అన్నారు. రక్తం అనే ఆ మాట మాత్రం తన నోటితో అనలేనన్నారు. కానీ ఇందాక వంటింట్లో, పొయ్యి వైపు తిరిగి, మెల్లగా అనుకుని చూస్తుంటే విన్నాను.

రేపు ఉదయం మా అమ్మాయిని వీపున కట్టుకుని వెళ్లి ముందు వరసలో కూర్చుంటాను. మంచుబొట్టు అనే మాట రాగానే లేచి నిలబడి, రక్తం అంటాను. మిగతా సగం పాఠం చెప్పేదాకా కూర్చోను.