తెల్లసుద్ద పూసిన కలెక్టర్

ఆగస్టు 4, సోమవారం

డైరీ రాయమంది డాక్టరమ్మ. రోజూ ఏం అనిపించిందో రాస్తే చాలంది. ఏమీ అనిపించలేదు. రాశాను.

ఉదయం కలెక్టర్ నా కుడికాలి చెప్పు తినేశాడు. కోపం రావాలి. రాలేదు. ఎడమకాలిది కూడా వాడి ముందే పెట్టేసి, పాత రబ్బరు చెప్పులతో పనికి వెళ్ళాను.

కలెక్టర్ మా కుక్క. మా ఆయన రఘు పెట్టిన పేరు. కింది దవడ ఎడమపక్కకు జారి ఉంటుంది, నాలుక ఆ సందులోంచి వేలాడుతుంది. ఒక కన్ను నీలం, ఇంకో కన్ను గోధుమ రంగు. ఒళ్ళు తెలుపే గానీ కంటి చుట్టూ, వీపు మీద, తోక మొదట్లో మసిగుడ్డ దులిపినట్టు నల్లమచ్చలు. ఎవరేం చెప్పినా నమ్మనట్టు చూస్తాడు. సోమవారం అర్జీలు తీసుకునే కలెక్టర్ మొహం అచ్చం ఇలాగే ఉంటుందని రఘు అనేవాడు. పుట్టు చెవుడు కూడా ఉంది కాబట్టి ఉద్యోగానికి అన్ని అర్హతలూ ఉన్నాయనేవాడు.

రఘు జనవరిలో పోయాడు. మిల్లు గేటు దగ్గర బైక్ స్టాండ్ వేసి, దిగి, పక్కనే కూర్చుండిపోయాడట. హార్ట్. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటిదాకా రాలేదు. చుట్టాలు కొందరు దాన్ని ధైర్యం అన్నారు. కొందరు వేరే పేరు పెట్టారు.

ఇంట్లో నేను, అత్త, కలెక్టర్. అత్త వాడిని ముట్టుకోదు. వాడు ఇటు నడిస్తే అత్త అటు నడుస్తుంది.

ఆగస్టు 6, బుధవారం

బావ వచ్చాడు. రఘు అన్న, కుమారసామి. గోడకు అవతల ఆయన కెన్నెల్. అక్కడి కుక్కలకు పాల తెలుపు ఒళ్ళు, గులాబీ ముక్కు. మా ఊరి పేరే ఆ కుక్కల పేరు. వాటి కోసం కోయంబత్తూరు నుంచి, బెంగళూరు నుంచి కార్లలో వస్తారు. మామయ్య కాలం నుంచి మా లైన్‌లో, అంటే మా కుక్కల వంశంలో, మచ్చ లేదని బావ అందరికీ చెబుతాడు.

మచ్చ ఉంటుంది. ఈతకు ఒకటో రెండో అలాంటివి పడుతూనే ఉంటాయి. పుట్టిన పొద్దున్నే వాటిని తీసేస్తారు. మా ఇళ్ళలో ఆ మాటే అంటారు, తీసేయడం. ఎవరు తీస్తారు, ఎక్కడ వేస్తారు అని కోడళ్ళు అడగరు. నేనూ అడగలేదు. మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఆ గోనెసంచి రఘు చేతికిచ్చి ఊరి బయటికి పంపారు. తిరిగొచ్చినప్పుడు సంచి ఇంకా కదులుతూనే ఉంది. సేత్తూరు బస్టాండులో కుక్కపిల్ల దొరికిందని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అందరూ సరే అన్నారు.

ఇప్పుడు బావ అంటున్నదేమిటంటే, తెల్లకుక్క ఈనేదానికి ఉండాది, కొనే పార్టీలు చూసేదానికి వస్తా ఉండారు, ఇది గోడ మీద తల పెట్టి చూస్తా ఉంటే మన మాట ఎవరు నమ్ముతారు, అని. తమ్ముడు ఉన్నంత కాలం నేనేమీ చెప్పలేదు కదా, అని. ఇరవై ఐదో తేదీ సోమవారం మంసాపురం మామిడి తోపుకు వ్యాన్ పోతుంది. అందులో పంపించేస్తాడట. తోపులోకి అడవిపందులు రాకుండా కాపలా. చెవిటి కుక్క గొలుసు మీద ఉండి పందులకు కాపలా కాయడం.

సరే అన్నాను. అది అనడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

ఆగస్టు 9, శనివారం

సత్రపట్టిలో బ్యాండేజ్ గుడ్డ యూనిట్‌లో నేను చెకింగ్. కింద లైటు, పైన గాజు, దాని మీద గుడ్డ జరుగుతూ ఉంటుంది. మరక కనిపిస్తే పక్కకు తీయాలి. ఈ ఏడాది నా అంత బాగా ఎవరూ తీయడం లేదని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు.

పక్క టేబుల్ సెల్వికి మంసాపురం సంగతి చెప్పాను. ఏదో మాటల్లో చెప్పాను. ఆమె గుడ్డ ఆపేసింది. నీకు బుద్ధి ఉండాదా అక్కా అంది. మధ్యాహ్నం ఫోన్‌లో ఒక నోటీసు చూపించింది. మదురై వాళ్ళు, వీధి కుక్కలకు వైద్యం చేసే సంఘం, మన ఊరి కల్యాణ మండపంలో పోటీ పెడుతున్నారట. అందం లేని అందగాడు అని పేరు. వదిలేస్తే ఎవరైనా తెచ్చి పెంచుకున్న కుక్కలకే. ఎంత వింతగా ఉంటే అంత మంచిది. ఫోటో పేపర్లో పడిన కుక్కను మీ బావ తోపులో కట్టగలడా అని సెల్వి లెక్క.

నేను ఏమీ అనేలోపే పేరు ఇచ్చేసింది. ఆగస్టు 24, ఆదివారం. వ్యాన్ వచ్చే ముందురోజు.

ఆగస్టు 12, మంగళవారం

కలెక్టర్ సాయంత్రం గేటు దగ్గరే కూర్చున్నాడు. రఘు బైక్ వచ్చే టైమ్.

ఆగస్టు 13, బుధవారం

నిన్నటిది సరిగ్గా రాయలేదు. రఘు ఇంటికి రాగానే వరండాలో కాలితో రెండుసార్లు గట్టిగా తొక్కేవాడు. నేల అదిరేది. చెవులు వినకపోయినా కలెక్టర్‌కు పాదాలున్నాయి కదా, పెరట్లో ఎక్కడున్నా ఎగురుకుంటూ వచ్చేవాడు. వాడిని పిలిచే పద్ధతి అదొక్కటే.

నేను కంచం చూపించి పిలుస్తాను. తొక్కను. ఆ రెండు దెబ్బలు రఘువి.

ఈమధ్య సాయంత్రం పెట్టిన అన్నం సగమే తింటున్నాడు. దిగులు అయ్యుండాలి. చూడటానికి మాత్రం ఒళ్ళు చేసినట్టే ఉన్నాడు. దిగులుతో ఒళ్ళు చేసే జాతి ఏమో.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పోటీ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. రూల్స్ చెప్పింది. రిబ్బన్, పౌడర్, మేకప్ ఏదీ ఉండకూడదు, కుక్క ఎలా ఉందో అలాగే తేవాలి. స్టేజ్ మీద రెండు నిమిషాలు మాట్లాడాలి, ఎక్కడ దొరికిందో చెప్పాలి. ఆ తర్వాత కుక్కను ఆ చివర నిలబెడతారు, ఈ చివర నుంచి పిలవాలి. ముఖ్య అతిథి ఎవరో కూడా చెప్పింది. మా బావ. ఊళ్ళో కుక్కల గురించి మీటింగ్ పెట్టి ఆయన్ను పిలవకపోతే బాగుండదని పిలిచారట.

గంటలోపే బావ గోడ మీద నుంచి మాట్లాడాడు. పోతే పో, నేను తడుపు చెప్పను, అన్నాడు. అడ్డు చెప్పనని. అడిగినారంటే సేత్తూరు బస్టాండులో దొరికిందని చెప్పు, తమ్ముడు చెప్పిందే కదా, అన్నాడు. సోమవారం వ్యాన్ మాట మాత్రం మారదు.

ఆగస్టు 18, సోమవారం

ఏం పోట్టి అది, అని అత్త అడిగింది. కుక్కల పోటీ అన్నాను. ఈ ఊళ్ళో కుక్కల పోట్టి అంటే తెల్లకుక్కల పోట్టినే, దీన్ని పిలుచుకొని పోతే అందరూ నవ్వేదానికా, అంది. అందంగా లేనివాటికే బహుమతి అత్తా అన్నాను. అందంగా లేనిదానికి ఎవరైనా పరిసు ఇస్తారా, నీ తలకాయ, అంది. రఘు కుక్కను చూసి ఊరు నవ్వాల్నా, అంది. తర్వాత లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

జనవరి తర్వాత అత్త రఘు పేరు ఎత్తడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 20, బుధవారం

ఈ వారం ఏమైనా అనిపించిందా అని డాక్టరమ్మ అడిగింది. ఆకలి అన్నాను.

ఆగస్టు 24, ఆదివారం, ఉదయం

కలెక్టర్ తెల్లగా ఉన్నాడు.

నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి వరండాలో మా కుక్క లేదు, బావ కుక్క ఉంది అనుకున్నాను. దవడ చూసి గుర్తుపట్టాను. ఒక్క మచ్చ కనిపించడం లేదు. పక్కన గంధపు సాన, దాని మీద అరగదీసిన నామకట్టి. మామయ్య నామాలు పెట్టుకున్న తెల్లసుద్ద. ఆయన పోయాక పూజగదిలో డబ్బాలోనే ఉండేది. అత్త వేళ్ళు పదీ తెల్లగా ఉన్నాయి. వాడిని ముట్టుకోని అత్త వేళ్ళు.

ఇప్పుడు పిలుచుకొని పో, అంది. నేనూ వస్తా ఉండాను, అంది.

కడిగేయాలి. రూల్ ఉంది. ఆటో వచ్చేసింది, సెల్వి హారన్ కొట్టిస్తోంది. అత్త మొహం చూశాను. కడగలేదు.

అదే రోజు, సాయంత్రం

వరసగా రాయాలి. లేకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

మండపం నిండా జనం. మూడు కాళ్ళ కుక్క, రెండు చెవులూ కాలిపోయిన కుక్క, వెంట్రుక లేకుండా వేరుశనగ రంగులో ఉన్న కుక్క. వాటిని పట్టుకున్న వాళ్ళందరి మొహాల్లో పెళ్ళికొడుకు తల్లుల కళ. మా వంతు వచ్చినప్పుడు కొందరు నవ్వారు. తెల్లగా ఉందే, తప్పు పోటీకి వచ్చినారేమో, అని ముందు వరసలో ఎవరో అన్నారు. బావ ముఖ్య అతిథి కుర్చీలో ఉన్నాడు, శాలువా కప్పుకొని.

మైకు అమ్మాయి ఎక్కడ దొరికిందని అడిగింది. సేత్తూరు, అన్నాను. బస్టాండు అనే మాట రావాలి. రాలేదు. నా భర్త తెచ్చాడు అన్నాను. అక్కడితో ఆగాను.

తర్వాత పిలవమన్నారు. ఆ చివర ఒక వాలంటీర్ వాడిని పట్టుకుని ఉంది. వాడు సీలింగ్ ఫ్యాన్ చూస్తున్నాడు. చేతిలో కంచం లేదు. తొక్కాలి అంతే. చెక్క స్టేజ్, కాలు ఆనిస్తే చాలు అదురుతుంది. కాలు లేవలేదు. నాది కాదన్నట్టు ఉండిపోయింది. జనం మొదట నవ్వారు, తర్వాత మానేశారు. మైకు అమ్మాయి పరవాలేదక్కా అంటోంది. వాడు ఫ్యాన్ చూస్తూనే ఉన్నాడు.

అత్త మెట్లెక్కి వచ్చింది. మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టూ. చెప్పులు కిందే విడిచింది. నా పక్కన నిలబడి కాలెత్తి రెండుసార్లు తొక్కింది. అచ్చం రఘు తొక్కినట్టు.

కలెక్టర్ వచ్చాడు. వాలంటీర్‌ను లాగి పడేసి వచ్చాడు. వచ్చి, స్నానం చేసిన కుక్కలా ఒళ్ళు దులిపాడు. సుద్ద అంతా లేచింది. జడ్జీల బల్ల మీద, వాళ్ళ టీలో, బావ శాలువా మీద. పొడి తగ్గేసరికి మచ్చలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

జడ్జీల్లో ఒక డాక్టర్ వేలితో తీసి చూశాడు. మేకప్ రూల్‌కు విరుద్ధం, ఎవరు పూసింది అని అడిగాడు. నేనని చెప్పబోయాను. అత్త మైకు తీసుకుంది. అది నోటికి ఎంత దూరం పెట్టాలో తెలియక గడ్డానికి ఆనించుకుంది.

నేనే పూసినాను, అంది. ఇది సేత్తూరుది కాదు, ఏ ఊరిదీ కాదు, మా ఇంట్లో తెల్లకుక్కకు పుట్టింది, అంది. పొద్దున్నే దీపం పెట్టుకొని చూసి, మచ్చ ఉండేదాన్ని సంచిలో వేసేది నేనే. మా అత్త నాకు నేర్పింది. దీన్నీ వేసినాను. నా కొడుకు పారేసేదానికి మనసు రాక ఇంటికి తెచ్చినాడు. నాకు తెలియనట్టు ఉండినాను. ఇప్పుడు వాడు లేడు. వాడి కుక్కను చూసి ఊరు నవ్వకూడదని పూసినాను. అది తప్పంటే మమ్మల్ని తీసేయండి, అంది.

బావ శాలువా మీద సుద్ద దులుపుకుంటూనే ఉన్నాడు, అది పోయాక కూడా.

తీసేశారు. రూల్ రూలే. షీల్డు మూడు కాళ్ళ కుక్కకు వచ్చింది. ఫోటో కూడా దానిదే. సెల్వి ఏడ్చింది. నేను ఏడవలేదు.

ఆటోలో అత్తను అడిగాను, తొక్కడం ఎలా తెలుసని. నువ్వు పనికి పోయినాక మధ్యాహ్నం దానికి అన్నం పెట్టేది ఎవరనుకున్నావు, అంది. రోడ్డు వైపు చూస్తూ అంది.

ఆగస్టు 25, సోమవారం

పనికి వెళ్ళలేదు.

వ్యాన్ వచ్చింది. డ్రైవర్ ఇరులప్పన్ తాడు పట్టుకుని దిగాడు. అత్త గేటు మెట్టు మీద కూర్చుని ఉంది, కలెక్టర్ గొలుసు మణికట్టుకు చుట్టుకుని. ఇంకో తాడు ఉంటే తీసుకొని రా, నన్నూ కలిపి కట్టుకొని పో, అని ఇరులప్పన్‌తో చెప్పింది. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బావ వచ్చాడు. గోడ మీద నుంచి కాదు, గేటు తీసుకుని. రెండు పార్టీలు బుకింగ్ వద్దన్నారట. చెన్నై నుంచి ఒకాయన మచ్చలవి ఇంకా ఉన్నాయా అని అడిగాడట. తను ఏం జవాబు చెప్పాడో బావ చెప్పలేదు. అరవాలని వచ్చి మరిచిపోయినట్టు ఉంది. చివరికి, ఇది ఏం తింటుంది, అని అడిగాడు.

చెప్పులు, అన్నాను.

వెళ్ళబోతుంటే అత్త పిలిచి ఒకే మాట చెప్పింది. ఈసారి తెల్లకుక్క ఈనినప్పుడు పొద్దున్నే నన్ను పిలవద్దు, అంది. బావ గేటు నెమ్మదిగా వేసి వెళ్ళాడు.

ఆగస్టు 31, ఆదివారం

అత్త గుడికి వెళ్ళింది. బీరువా కింద నుంచి రఘు చెప్పులు తీసి వేసుకున్నాను. వరండాలో రెండుసార్లు తొక్కాను.

పెరట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు. తర్వాత నా వెనక్కి చూశాడు.

నేనూ తిరిగి చూశాను.

అప్పుడు ఏడ్చాను. కలెక్టర్ ఎప్పటిలాగే నమ్మనట్టు చూశాడు.