తొలగించబడిన బాయిలర్‌కు వాల్వు పరీక్ష కోరుతూ

జాతీయ ఉద్గారాల తగ్గింపు శాఖ డైరెక్టరు గారికి,

అయ్యా,

విషయం: తమరు తొలగించిన బొగ్గు బాయిలర్ ఇంకా మండుతున్నందున, అది పేలేలోగా తనిఖీ చేయించమని వేడుకోలు.

మనవి చేసుకునునది ఏమనగా, నేను పెద్దాసుపత్రిలో పందొమ్మిదేళ్లుగా బాయిలర్ ఆపరేటరును. ఆపరేషన్ కత్తులు, దుప్పట్లు శుద్ధి అయ్యేది నా ఆవిరితోనే.

1. దేశం పెట్టుకున్న ఉద్గారాల లక్ష్యాన్ని గడువుకు ఏడాది ముందే సాధించామని తమరు ప్రకటించారు. చాలా సంతోషం. ఆ ప్రకటనకు జతచేసిన జాబితాలో నలభై ఒకటో వరుసలో మా బాయిలర్ ‘తొలగించబడినది’ అని ఉన్నది. అది చదివిన రోజున నేను దానికి పన్నెండు తోపుడు బండ్ల బొగ్గు వేశాను.

2. దాని స్థానంలో కరెంటు బాయిలర్ నడుస్తున్నట్లు రాశారు. అది చెక్కపెట్టెలోనే ఉన్నది. మంత్రిగారు రిబ్బను కత్తిరించింది ఆ పెట్టెకే. దానికి కరెంటు లైను వేయవలసింది ఎవరో ఏ కాగితంలోనూ లేదు. పెట్టె మా గది వెనుక తలుపుకు అడ్డంగా ఉన్నది. ప్రారంభమైన యంత్రం కనుక జరపకూడదట.

3. సేఫ్టీ వాల్వు, అనగా ఆవిరి ఒత్తిడి మితిమీరితే దానంతటదే తెరుచుకోవలసినది, పోయిన మంగళవారం తెరుచుకోలేదు. నిప్పులన్నీ పారతో బయటికి లాగి పోశాను. గోడ అవతల శుద్ధి గదిలో పనిచేసేది నా సొంత చెల్లెలు. “అన్నయ్యా, గోడ మీద చెయ్యి పెట్టలేకపోతున్నా, ఏం చేస్తున్నావక్కడ?” అని అరిచింది. ఏం లేదమ్మా అన్నాను. అబద్ధమాడాను.

4. బాయిలర్ల తనిఖీ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. గుమస్తా జాబితా తీసి, “లేని బాయిలర్‌కి తనిఖీ ఏంటయ్యా? ఉందని రాస్తే దేశం లక్ష్యం తప్పుతుంది, నా మెడకి చుట్టుకుంటుంది” అన్నాడు. “పొగ కనబడుతోంది కదండీ, ఆ కిటికీలోంచి చూడండి” అన్నాను. లేచి కిటికీ మూసేశాడు. ఆ ఆఫీసులో అంత చురుగ్గా పని జరగడం అదొక్కసారే చూశాను.

5. తమ శాఖకు సిగ్గున్నదా అని అర్జీలో అడగకూడదని తెలుసును. కావున అడగడం లేదు.

ఇందుమూలముగా కోరునది: కరెంటు లైను వేయించి పాత బాయిలర్‌ను నిజంగా ఆపించండి. అంతవరకు అది ఉన్నదని ఒప్పుకుని వాల్వు పరీక్షించండి. పొగ తగ్గాలని తమకన్నా నాకే ఎక్కువ కోరిక, దాన్ని మింగుతున్నది నేను. చిత్తగించవలెను, తీరిక లేనిచో, కిటికీ తెరిచైనా చూడవలెను.

జాబితాలో లేని బాయిలర్ వద్ద జీతం తీసుకుంటున్న,
తమ విధేయుడు

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టేలోగా ఒత్తిడి మీటరు ముల్లు మళ్లీ ఎర్రగీత దాటింది. వాల్వు కదల్లేదు. చెల్లెల్ని బయటికి పంపి నిప్పు పూర్తిగా ఆర్పేశాను. మూడు ఆపరేషన్లు ఆగిపోయాయి. గంటలోపే తమ శాఖ జీపు వచ్చింది. వాల్వు కోసమే అనుకుని ఎదురు పరిగెత్తాను. పొగ ఆగిందని ఎవరో ఫోన్ చేశారట, చిమ్నీని ఫొటో తీయడానికి వచ్చారు. “వార్షిక నివేదిక అట్ట మీద వేస్తాం, సాయంత్రం దాకా వెలిగించకు” అన్నారు. ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లిన మనిషిని అప్పుడే ఆవరణలోంచి మళ్లీ వార్డుకు తోసుకెళ్తున్నారు. ఆ చక్రాల మంచం ఫొటోలో పడుతోందని కాసేపు ఆపించారు.