నిలకడ సూచికలో నా పేరుకు పడిన ఎరుపు రంగు తీసివేయుట గురించి

హెచ్‌ఆర్ ప్రధానాధికారి గారి సముఖమునకు, కస్టమర్ ఫిర్యాదుల విభాగంలో పనిచేయు ఉద్యోగిని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను ఉద్యోగం మానేయబోతున్నానని సాఫ్ట్‌వేర్ వేసిన అంచనాను రద్దు చేయుట గురించి.

1. మా ఇంట్లో నన్ను నిలకడ లేని పిల్ల అంటారు. ఇది తమ పరిధిలోని విషయం కాదని ఎరుగుదును. డిగ్రీలో గ్రూపు మారినందుకు, కూర్చున్నప్పుడు కాలు ఊపినందుకు, తెచ్చిన సంబంధానికి తల ఊపనందుకు వచ్చిన పేరు అది. ఇంటి మాటే కదా అని ఇన్నాళ్ళూ దులిపేసుకున్నాను. గత నెలలో తమ సాఫ్ట్‌వేర్ కూడా అదే మాట అన్నది. అప్పటి నుంచి మా అమ్మ, "చూశావా, కంప్యూటరు కూడా కనిపెట్టేసింది" అంటోంది.

2. ఈ సంగతి ఇంటి దాకా ఎట్లు చేరినదనగా: ఎవరు త్వరలో మానేస్తారో ముందుగా చెప్పే సాఫ్ట్‌వేర్‌ను తమ కార్యాలయం ప్రవేశపెట్టినది. 'నిలకడ సూచిక' అని ప్రతి ఉద్యోగికీ వందకు మార్కులు. నాకు పంతొమ్మిది వచ్చి పేరు ఎర్రబడినది. మా మేనేజరు గారు మంచి మనసుతోనే నా ఫైలులో ఉన్న అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, "అమ్మాయికి పెళ్ళి కుదిరిందాండీ? మానేస్తోందని ఇక్కడ చూపిస్తోంది" అని అడిగారు. ఆ నంబరు మా నాన్నది.

3. మార్కులు తగ్గుటకు కారణం అడగగా మేనేజరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"మూడు శనివారాలు ఒంటిపూట సెలవు పెట్టావమ్మా. ఇంటర్వ్యూలే కదా. చెప్పు, నేనేం అనుకోను."

"పన్ను సార్. రూట్ కెనాల్."

"అందరూ పన్నే అంటారమ్మా."

నేను నోరు తెరిచి దవడపన్ను మీది క్యాప్ చూపించాను. ఆయన కాస్త వెనక్కి జరిగి, "నేను నమ్ముతాను తల్లీ. సిస్టమ్‌లో పన్నుకి గడి లేదు" అన్నారు.

ఇంట్లోనూ అదే నోరు మళ్ళీ తెరవవలసి వచ్చినది. అమ్మ ఫోన్ లైటు వేసి లోపలికంటా చూసి, "పన్ను సరే, ఆ డాక్టరు వయసెంత?" అని అడిగినది.

4. వెళ్ళిపోయే మనిషికి శిక్షణ దండగని టీమ్ లీడర్లకిచ్చే శిక్షణ జాబితాలోంచి నన్ను తప్పించారు. కొత్త ఫిర్యాదులు నాకు పంపడం ఆపారు. నా పని నేర్చుకోమని ఒక కొత్తమ్మాయిని తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. మంచి పిల్లే. "అక్కా, మీరెళ్ళాక ఈ కుర్చీ నాకే కదా, ఎత్తు తగ్గించేది ఎలా?" అని అడిగితే మీట చూపించాను. పని లేనందున నా పనితీరు తగ్గినది. పనితీరు తగ్గినందున సూచిక పదకొండుకు దిగినది.

తోటివారు చందా వేసుకుని వీడ్కోలు కేకు తెచ్చారు. నేనెక్కడికీ వెళ్ళడం లేదని చెప్తే, "ఇంకా బయటపెట్టకూడదేమోలే" అని కన్ను గీటారు. కేకు తిన్నాను. ఇంకేం చేయాలో తోచలేదు.

5. అంచనా తప్పు అని ఆఫీసు పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టగా, 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని జవాబు వచ్చినది. అయ్యా, వాషింగ్ మెషీన్ పాడైన వాళ్ళకు రోజంతా నేను పంపేది ఆ వాక్యమే. దాని వెనక చింతించే మనిషి ఎవరూ ఉండరని నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైగా ఫిర్యాదు పెట్టినందుకు 'అసంతృప్తి' కింద మరో రెండు మార్కులు పోయినవి. అందుకే ఇది కాగితం మీద రాస్తున్నాను.

6. నిన్న నా పేరుతో రాజీనామా పత్రం అచ్చు తీసి ఇచ్చారు. 'సొంత కారణాల వల్ల' అని అందులో ముందే ఉన్నది. శుక్రవారంలోగా సంతకం చేస్తే మంచి సర్వీసు సర్టిఫికెట్ ఇస్తారట. చేయకుంటే పనితీరు బాగోలేదని రాసి వాళ్ళే తీసేస్తారట.

"పెట్టేయమ్మా సంతకం. వాళ్ళతో మనం నెగ్గగలమా? మంచి కాగితంతో బయటపడు" అన్నారు నాన్న. ఆ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండుసార్లు పెన్ను మూత తీశాను. ఆ సొంత కారణాలేమిటో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

కావున ఆ ఎరుపును తీసివేయించవలసినదిగా, లేనిచో దాన్ని వేసినది ఎవరో ఒక మనిషి పేరు చెప్పి వారితో పది నిమిషాలు మాట్లాడనివ్వవలసినదిగా కోరుతున్నాను. ఈ కాగితాన్ని స్కానింగుకు పంపక తామే కళ్ళారా చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంకా ఉద్యోగంలోనే ఉన్న తమ విధేయురాలు
(ఫిర్యాదుల విభాగం, కిటికీ వైపు రెండో కుర్చీ; ఈ వారం నుంచి దాని పక్క స్టూలు)

తా.క. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఇంకా ఆలోచిస్తున్నాను. ఇప్పుడా ఆలోచన లేదు. శుక్రవారం నేను సంతకం పెట్టను. తీసేయాలనుకుంటే తీసేయండి. కారణం మాత్రం మీరే రాసి, కింద మీ పేరు పెట్టండి.